టెక్సాస్ తుపాకీ లైసెన్స్ క్లాసు: ఎవరికి ఏది సరిపడుతుంది?

తుపాకీ కొని, పెట్టె కూడా విప్పకుండా లైసెన్స్ క్లాసుకి తెచ్చుకున్నవాళ్ళు మా బ్యాచ్‌లో ముగ్గురున్నారు. అందులో ఇద్దరు తెలుగువాళ్ళే. ఇన్‌స్ట్రక్టర్ ఆ కొత్త పెట్టెల వంక చూసి, "ఇక్కడ కాల్చడం నేర్పరు, తెలుసు కదా?" అని అడిగాడు. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

డబ్బులు కట్టేముందు తెలుసుకోవాల్సింది అదే. 'లైసెన్స్ టు క్యారీ', అంటే హ్యాండ్‌గన్ (పిస్టల్, రివాల్వర్ లాంటి చేతి తుపాకీ) వెంట పెట్టుకు తిరగడానికి ఇచ్చే లైసెన్స్. అందరూ ఎల్‌టీసీ అని పిలిచే దీని క్లాసు డ్రైవింగ్ స్కూల్ లాంటిది కాదు. మన ఆర్టీవో ఆఫీసులో లెర్నింగ్ లైసెన్స్ పరీక్షనీ, గ్రౌండ్‌లో ఎనిమిది వేయించే పరీక్షనీ ఒకే రోజున కలిపి పెట్టినట్టు ఉంటుంది. బండి నడపడం వచ్చాకే అక్కడికి వెళ్తాం కదా.

ఈ మధ్య డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇదే చర్చ. ఆన్‌లైన్‌లో చేసేస్తే చాలదా? శనివారం అంతా పోగొట్టుకోవాలా? విడిగా ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకుంటే? అసలు లైసెన్సే అక్కర్లేదంటున్నారు, నిజమేనా? ఈ నాలుగింటిలో మీకు ఏది నప్పుతుందో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను. తుపాకీ ఉండాలా వద్దా అన్న వాదనలోకి నేను దిగను. అది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

ఇంత అయోమయం ఎందుకొచ్చిందంటే

1991 అక్టోబర్‌లో కిలీన్ ఊళ్ళో లూబీస్ అనే హోటల్లోకి ఒకడు ట్రక్కుతో ముందు అద్దాలు బద్దలుకొట్టుకుని వచ్చి 23 మందిని కాల్చి చంపాడు. ఆ రోజు అక్కడ భోజనానికి వచ్చిన సుజానా హప్ కళ్ళముందే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఆమె రివాల్వర్ బయట కారులో ఉండిపోయింది, వెంట పెట్టుకు తిరగడం అప్పటి చట్టానికి విరుద్ధం కాబట్టి. ఆమె ఊరూరా తిరిగి సాక్ష్యం చెప్పింది. 1995లో చట్టం వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పట్లో పేరు 'కన్సీల్డ్ హ్యాండ్‌గన్ లైసెన్స్'. పాతకాపులు ఇప్పటికీ సీహెచ్‌ఎల్ అనే అంటారు. 2016లో తుపాకీ బయటికి కనిపించేలా పెట్టుకోవడానికి కూడా అనుమతిచ్చి, పేరు ఎల్‌టీసీగా మార్చారు.

మొదట్లో క్లాసు కనీసం పది గంటలు. 2013లో దాన్ని 4 నుంచి 6 గంటలకు తగ్గించారు. 2017లో చట్టం మార్చి పాఠం భాగాన్ని ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చన్నారు. అదే ఏడాది ప్రభుత్వ ఫీజు 140 డాలర్ల నుంచి 40కి దించారు. 2021 సెప్టెంబర్ 1 నుంచి హౌస్ బిల్ 1927 పుణ్యమా అని, 21 ఏళ్ళు దాటి, చట్టప్రకారం ఏ నిషేధమూ లేనివాళ్ళు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు.

అంటే పాతికేళ్ళలో పది గంటల చదువు కాస్తా 'ఇష్టమైతే రండి' అయింది. ఇంకో మెలిక ఉంది. లైసెన్స్ మొదట 4 ఏళ్ళకి ఇస్తారు, తర్వాత 5 ఏళ్ళకోసారి రెన్యువల్. రెన్యువల్‌కి క్లాసు తీసేశారు. కాబట్టి మీరు ఇప్పుడు కూర్చునే ఈ కొద్ది గంటలే, ప్రభుత్వం మిమ్మల్ని కూర్చోబెట్టి చట్టం చెప్పించే మొదటిసారీ, చివరిసారీ. ఏ క్లాసైతే ఏముందిలే అనుకోకండని చెప్పేది అందుకే.

ముందు వీసా సంగతి

ఇది మిగతా గైడ్లలో చివర్న ఒక లైనుగా ఉంటుంది. మనవాళ్ళకి మాత్రం ఇదే మొదట రావాలి.

హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. శిక్ష 15 ఏళ్ళ దాకా పడొచ్చు. టెక్సాస్ చట్టం ఎంత వదులుగా ఉన్నా ఇక్కడ పనికిరాదు. రేంజ్‌కి, అంటే కాల్చడం సాధన చేసే చోటికి వెళ్ళి అద్దె తుపాకీ పది నిమిషాలు పట్టుకున్నా అది 'దగ్గర ఉంచుకోవడం' కిందికే వస్తుంది. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉన్నవాళ్ళకి చట్టంలో మినహాయింపు ఉంది. స్నేహితులతో సరదాగా రేంజ్‌కి వెళ్ళేముందు ఆ లైసెన్స్ కొనుక్కునేవాళ్ళూ ఉన్నారు. టెక్సాస్‌లో అది ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది, సెప్టెంబర్‌లో గుర్తుండదు. గ్రీన్ కార్డు క్యూలో పదేళ్ళు నిలబడ్డవాళ్ళు ఇలాంటి సందు పట్టుకుని వెళ్ళేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక్క అరగంట మాట్లాడితే తప్పులేదు. నేనైతే కార్డు వచ్చేదాకా ఆగాను.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ అడ్డంకి లేదు. సిటిజన్లకి సరే సరి.

ఇంట్లో ఒకరికి గ్రీన్ కార్డు, ఇంకొకరికి వీసా ఉంటే? గ్రీన్ కార్డున్న ఆవిడ పేరున కొన్న తుపాకీ బీరువాలో ఉండి, తాళంచెవి ఎక్కడుందో వీసా మీదున్న ఆయనకి కూడా తెలిస్తే, అదీ చిక్కే. సేఫ్ కోడ్ ఒక్కరికే తెలిసి ఉండాలి. ఇంకో మాట, గ్యాస్ స్టేషన్లు నడిపే మనవాళ్ళకి. కౌంటర్ కింద యజమాని తుపాకీ ఉంచి, అదే కౌంటర్‌లో స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లాడిని నిలబెడితే, వాడి భవిష్యత్తు ఆ సొరుగులో పెట్టినట్టే.

తర్వాత చూసుకోవాల్సినవి

మీరు ఇదివరకు తుపాకీ పట్టుకున్నారా? ఒక్కసారి రేంజ్‌కి వెళ్ళి ఫొటో దిగడం లెక్కలోకి రాదు. మ్యాగజైన్ (తూటాలు పట్టే డబ్బీ) సొంతంగా నింపి, పెట్టి, స్లయిడ్ (తుపాకీ పైన వెనక్కి జరిగే భాగం) లాగి, కాల్చి, మళ్ళీ ఖాళీ చేసి చూపించగలరా అన్నది ప్రశ్న. నాలుగింటిలో ఏది ఎంచుకోవాలో సగం ఇక్కడే తేలిపోతుంది.

ఎందుకు కావాలి? ఇది మనల్ని మనం నిజాయితీగా అడగాలి. చాలామంది "ఇంట్లో బంగారం ఉంటుంది, మనవాళ్ళ ఇళ్ళ మీద దొంగల కన్ను ఉంది" అంటారు. నిజమే, బంగారం కోసం భారతీయుల ఇళ్ళని ఏరుకుని దోచిన కేసులు ఈ దేశంలో వచ్చాయి. కానీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూసి చేసే దొంగతనానికి మీ నడుముకున్న తుపాకీ ఏం చేస్తుంది? దానికి బ్యాంకు లాకర్ కావాలి. ఇంట్లో మాత్రమే ఉంచుకునేవాళ్ళకి ఎల్‌టీసీ అక్కర్లేదు, కాల్చడం, దాచడం నేర్పే క్లాసు కావాలి. రాత్రి పొద్దుపోయాక షాపు మూసి డబ్బు తీసుకెళ్ళేవాళ్ళు, తరచూ పక్క రాష్ట్రాలకి కారులో వెళ్ళేవాళ్ళు, రోజూ వెంట పెట్టుకుందామనుకునేవాళ్ళు వేరే లెక్క.

నేర్పేది ఎవరు? డీపీఎస్, అంటే డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ సర్టిఫై చేసిన ఇన్‌స్ట్రక్టర్ అయి తీరాలి. కానీ ఆ సర్టిఫికెట్ అందరికీ ఉంటుంది. నేను చూసేది ఒక్కటే, ప్రశ్నలకి సమయం ఇస్తాడా లేదా. చట్టం నాలుగు అంశాలు చెప్పమంది: ఆయుధాలు, ప్రాణాంతక బలప్రయోగం గురించిన చట్టాలు; హ్యాండ్‌గన్ వాడకం, భద్రత; గొడవని గొడవ లేకుండా తేల్చుకోవడం; పిల్లలకి అందకుండా దాచడం. చివరి రెండూ పది నిమిషాల్లో తేల్చేసి, తన పాత కథలతో రెండు గంటలు లాగేవాళ్ళున్నారు. రివ్యూల్లో "భలే నవ్వించాడు" అని ఎక్కువమంది రాస్తే నేను కొంచెం అనుమానిస్తాను.

ఖర్చు గురించి ఎక్కువ ఆలోచించకండి. ప్రభుత్వ ఫీజు 40 డాలర్లు, వేలిముద్రలకి పది డాలర్ల చుట్టూ. క్లాసు ఫీజు, యాభై తూటాలు, తుపాకీ లేకపోతే అద్దె, రేంజ్‌లో లేన్ (నిలబడి కాల్చే చోటు) డబ్బులు వేరు. ఆన్‌లైన్ చవగ్గా కనిపిస్తుంది కానీ రేంజ్ పరీక్షకి మళ్ళీ ఇంకో ఇన్‌స్ట్రక్టర్‌కి కడతారు. రెండూ కలిపితే తేడా ఒక బిర్యానీ పార్శిల్ అంత.

మొదటి దారి: వారాంతపు క్లాసు

శనివారమో ఆదివారమో పొద్దున మొదలవుతుంది. ఒక గదిలో పది నుంచి పాతిక మంది. 4 నుంచి 6 గంటల పాఠం, రాత పరీక్ష, తర్వాత రేంజ్. రాత పరీక్షలో 70 శాతం రావాలి. శ్రద్ధగా కూర్చున్నవాళ్ళు తప్పరు.

దీని అసలు విలువ మీ ప్రశ్నల్లో కంటే పక్కవాళ్ళ ప్రశ్నల్లో ఉంటుంది. మా క్లాసులో ట్రక్కు నడిపే పెద్దాయన ఒకరు, "నా పికప్ ఎత్తుకుపోతుంటే కాల్చొచ్చా?" అని అడిగారు. టెక్సాస్ చట్టంలో ఆస్తిని కాపాడుకోవడానికి, కొన్ని షరతుల మీద, అందులోనూ రాత్రిపూట దొంగతనం అయితే, ప్రాణాంతక బలం వాడటానికి చోటుంది. ఈ ముక్క విని చాలామంది "కాల్చొచ్చట" అని ఇంటికెళ్ళిపోతారు. ఇన్‌స్ట్రక్టర్ మాత్రం అక్కడ ఆగి, ఆ షరతులన్నీ ఒక్కొక్కటే బోర్డు మీద రాసి, "ఇవన్నీ నెరవేరాయని పన్నెండుమంది జ్యూరీ నమ్మాలి. లాయర్ ఫీజు మీ పికప్ ఖరీదుకి ఎన్ని రెట్లో లెక్కేసుకోండి" అన్నాడు. గది కాసేపు చప్పుడు లేకుండా అయిపోయింది. ఆన్‌లైన్ వీడియోలో ఆ ముక్క ఉంటుంది కానీ ఆ నిశ్శబ్దం ఉండదు.

ఇబ్బందులూ ఉన్నాయి. పాతికమంది ఉంటే రేంజ్ దగ్గర మీ వంతు వచ్చేసరికి సాయంత్రం. ఇంగ్లిష్ టెక్సాస్ యాసలో వేగంగా పోతుంది, ఊరి నుంచి వచ్చి ఎక్కువ రోజులు కాని అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు ఉన్నా ఇది కష్టం. ఇంకొకటి, క్లాసు చివర్లో 'సెల్ఫ్ డిఫెన్స్ మెంబర్‌షిప్' అమ్మే ప్రసంగం. ఎప్పుడైనా కాల్చాల్సొస్తే లాయర్ ఖర్చు మేం పెట్టుకుంటాం అని నెలనెలా కట్టించుకునేవి ఇవి. కావాలంటే తీసుకోండి, కానీ ఆ గదిలో సంతకం పెట్టకండి. నేను పెట్టి, తర్వాత రద్దు చేసుకోవడానికి మూడు ఫోన్లు చేయాల్సొచ్చింది.

రెండో దారి: ఆన్‌లైన్ పాఠం, తర్వాత రేంజ్

డీపీఎస్ ఆమోదించిన ఆన్‌లైన్ కోర్సు తీసుకుని, ఇంట్లో పాఠం, పరీక్ష పూర్తిచేసి, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్ళి గంటా రెండు గంటలు రేంజ్ భాగం పూర్తి చేస్తారు. ఆమోదం ఉన్న కోర్సేనా అని డీపీఎస్ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. ఇంటర్నెట్ ప్రకటనల్లో 'అన్ని రాష్ట్రాల్లో చెల్లే లైసెన్స్' అని ఊరించేవి వస్తుంటాయి. అలాంటి లైసెన్స్ అమెరికాలో లేదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో తల్లికి, షిఫ్టుల్లో పనిచేసే నర్సుకి, ఇంగ్లిష్ నెమ్మదిగా చదివి అర్థం చేసుకునేవాళ్ళకి ఇది నిజంగా వరమే. అర్థం కాని స్లయిడ్ దగ్గర ఆపుకుని మళ్ళీ చదువుకోవచ్చు. వారాంతపు క్లాసులో ఆ వీలు లేదు.

కానీ మన సంగతి మనకి తెలుసు కదా. ఆఫీసులో కంప్లయన్స్ ట్రైనింగ్ వీడియోలు ఎలా చూస్తామో ఇవీ అలాగే చూస్తాం. పక్క స్క్రీన్‌లో టీమ్స్ కాల్, ఇటు వీడియో, మధ్యలో 'నెక్స్ట్' బటన్. నా స్నేహితుడు ఒకడు ఇలా పాసయ్యాడు. తర్వాత ఒకసారి భోజనం దగ్గర 30.06 బోర్డు (లైసెన్స్ ఉన్నా తుపాకీ దాచిపెట్టుకుని కూడా లోపలికి రాకూడదని చెప్పేది) అంటే ఏంటని నన్నే అడిగాడు. ఆ బోర్డు ఉన్న థియేటర్లోకి అప్పటికి ఎన్నిసార్లు వెళ్ళాడో.

ఇదివరకే బాగా కాల్చడం వచ్చినవాళ్ళకి, చదివేటప్పుడు నోట్సు రాసుకునే అలవాటున్నవాళ్ళకి మాత్రమే నేను ఈ దారి చెప్తాను. ఎప్పుడూ తుపాకీ పట్టనివాళ్ళు ఆన్‌లైన్ పూర్తిచేసి నేరుగా రేంజ్ పరీక్షకి వెళ్తే, మొదటి తూటా పేల్చేదీ పరీక్షే అవుతుంది. ఆ టెన్షన్‌లో పక్క లేన్‌లో ఉన్నవాళ్ళకి కూడా ప్రమాదం.

మూడో దారి: విడిగా, లేదా చిన్న గుంపుగా

ఒక్కరికో, భార్యాభర్తలకో, నలుగురు స్నేహితులకో ఇన్‌స్ట్రక్టర్ విడిగా చెప్తాడు. ఆడవాళ్ళకి మాత్రమే నడిపే బ్యాచ్‌లు కూడా డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ లాంటి పెద్ద ఊళ్ళ రేంజ్‌లలో ఉంటాయి. ఫీజు ఎక్కువ. ఒకరికే అయితే రెట్టింపు, మూడింతలు కూడా ఉంటుంది.

మా ఆవిడ ఇలాగే చేసింది. నేను పక్కనుండి "భుజం అలా కాదు, ఇలా" అంటుంటే తనకి విసుగొచ్చింది. డ్రైవింగ్ నేర్పినప్పుడూ ఇదే కథ. వేరే ముగ్గురితో కలిసి ఒక మహిళా ఇన్‌స్ట్రక్టర్ దగ్గర చేరింది. ఆవిడ మొదటి గంట అసలు తూటాలు బయటికి తీయలేదట. ఖాళీ తుపాకీ చేతికిచ్చి, ట్రిగ్గర్ మీద కాకుండా ఫ్రేమ్ పక్కన వేలు నిటారుగా ఆనించి గది చుట్టూ నడిపించిందట. స్లయిడ్ లాగడానికి బలం చాలదనుకున్న తనకి, తుపాకీని ఒంటికి దగ్గరగా పట్టుకుని ఒక చేత్తో వెనక్కి లాగుతూ రెండో చేత్తో ముందుకి తొయ్యమని చూపించేసరికి రెండో ప్రయత్నంలోనే వచ్చేసింది. పాతికమంది క్లాసులో ఇంత ఓపిక ఎవరికుంటుంది?

కొత్తవాళ్ళకి, చేతుల్లో బలం తక్కువని భయపడేవాళ్ళకి, అరవై దాటినవాళ్ళకి డబ్బు పెట్టగలిగితే ఇదే మేలు. లోపం ఏంటంటే, పక్కవాళ్ళ ప్రశ్నలు వినే అవకాశం ఉండదు. అందుకే చట్టం మీద సందేహాలు ముందే రాసుకుని వెళ్ళాలి.

నాలుగో దారి: అసలు లైసెన్స్ వద్దనుకోవడం

చట్టం ఒప్పుకుంటున్నప్పుడు ఎందుకు శ్రమ అని అడిగేవాళ్ళది తప్పేం కాదు. సొంత కారులో కనిపించకుండా హ్యాండ్‌గన్ పెట్టుకోవడానికి 2007 నుంచే లైసెన్స్ అక్కర్లేదు. ఇంట్లో ఉంచుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదు.

బయట తిరిగేటప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. అన్నిటికంటే పెద్దది స్కూళ్ళ సంగతి. 1990 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం స్కూలు ఆవరణ నుంచి వెయ్యి అడుగుల లోపు తుపాకీతో ఉండటం నేరం. రాష్ట్రం లైసెన్స్ ఇచ్చినవాళ్ళకి మినహాయింపు ఉంది. లైసెన్స్ లేకుండా వెళ్ళాలంటే తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. మనవాళ్ళు ఇల్లు కొనేదే స్కూలు చూసి. ఫ్రిస్కోలోనో కాటీలోనో ఇంటి నుంచి హైవే ఎక్కేలోపు వెయ్యి అడుగుల వలయాలు ఎన్ని దాటతారో మ్యాప్ తీసి చూడండి.

తర్వాత బోర్డులు. 30.05 అని రాసి ఉన్న బోర్డు లైసెన్స్ లేనివాళ్ళని ఆపుతుంది, లైసెన్స్ ఉన్నవాళ్ళు వెళ్ళొచ్చు. 30.06 ఉంటే లైసెన్స్ ఉన్నా దాచిపెట్టుకుని కూడా వెళ్ళకూడదు. 30.07 ఉంటే బయటికి కనిపించేలా పెట్టుకుని వెళ్ళకూడదు. 30.06, 30.07 బోర్డుల్లో అక్షరాలు కనీసం అంగుళం ఎత్తున, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ ఉండాలి. మద్యం అమ్మకమే ప్రధానంగా నడిచే చోట ఎర్రగా '51%' అని ఉంటుంది. అక్కడ లైసెన్స్ ఉన్నా లేకపోయినా అడుగు పెట్టకూడదు. గుడుల సంగతి చాలామంది అడుగుతారు. ప్రార్థనా స్థలం అన్నంత మాత్రాన టెక్సాస్‌లో ఇప్పుడు నిషేధం లేదు, కానీ నిర్వాహకులు బోర్డు పెడితే అది చట్టమే. బోర్డు లేకపోయినా వేంకటేశ్వరస్వామి దర్శనానికి తుపాకీ ఎందుకో నాకైతే అర్థం కాదు.

లైసెన్స్ ఉంటే ఇంకా కొన్ని వెసులుబాట్లున్నాయి. ముప్పైకి పైగా రాష్ట్రాలు టెక్సాస్ లైసెన్స్‌ని ఒప్పుకుంటాయి. న్యూ మెక్సికోలో తూటాలు నింపిన తుపాకీ దాచిపెట్టుకుని తిరగాలంటే లైసెన్స్ తప్పనిసరి. వైట్ శాండ్స్ చూడ్డానికి కారులో వెళ్ళే మనవాళ్ళు అక్కడ హోటల్ నుంచి రెస్టారెంటుకి నడిచేటప్పుడు టెక్సాస్ లైసెన్స్ పనికొస్తుంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో దాచిపెట్టుకుని తిరగడానికి 2016 నుంచి లైసెన్స్ ఉన్నవాళ్ళకే అనుమతి. అది కూడా క్యాంపస్‌లో అన్ని చోట్లా కాదు. పొరపాటున ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ దాకా తుపాకీతో వెళ్ళినా, చెప్పగానే వెనక్కి వెళ్ళిపోతే రాష్ట్ర చట్టం కింద కేసు లేకుండా బయటపడే రక్షణ లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఉంది, కానీ ఫెడరల్ జరిమానా విషయం వేరు. షాపులో తుపాకీ కొనేటప్పుడు అక్కడికక్కడ చేసే ఫోన్ తనిఖీ బదులు లైసెన్స్ చూపిస్తే సరిపోతుంది, ఫారం మాత్రం నింపాలి.

కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయిస్ ఈ లైసెన్స్‌ని గుర్తించవు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చుట్టాలింటికి వెళ్తూ "లైసెన్స్ ఉంది కదా" అనుకుంటే జైలే. ఆ రాష్ట్రాల్లో ఉండేవాళ్ళు ఈ పోలికని అక్కడికి తీసుకెళ్ళకండి. ఇల్లినాయిస్‌లో 16 గంటల శిక్షణ, న్యూయార్క్‌లో 16 గంటల పాఠంతో పాటు 2 గంటలు రేంజ్ ఉంటుంది.

ఒక్కచోట చూస్తే

| | వారాంతపు క్లాసు | ఆన్‌లైన్ + రేంజ్ | విడిగా | లైసెన్స్ లేకుండా |
|---|---|---|---|---|
| సమయం | ఒక రోజంతా | పాఠం మీ వీలునిబట్టి, రేంజ్ ఒక పూట | మాట్లాడుకున్నదాన్నిబట్టి | లేదు |
| చట్టం మీద పట్టు | ఇన్‌స్ట్రక్టర్ మంచివాడైతే బాగా | మీ శ్రద్ధనిబట్టి | అడిగినంత | సొంతంగా చదువుకోవాలి |
| కొత్తగా పట్టేవాళ్ళకి | బేసిక్ క్లాసు తర్వాతే | వద్దు | బాగుంటుంది | వద్దు |
| స్కూలు పరిసరాలు | లైసెన్స్‌తో మినహాయింపు | అదే | అదే | చిక్కు |
| పక్క రాష్ట్రాలు | చాలా చోట్ల చెల్లుతుంది | అదే | అదే | ఒక్కో రాష్ట్రం ఒక్కో రకం |

పట్టికలో 'బేసిక్ క్లాసు' అన్నాను కదా, అది చాలా రేంజ్‌లలో రెండు మూడు గంటలు నడిచే మొదటి పాఠం. తుపాకీ భాగాలు, పట్టు, గురి, ఆగిపోతే ఏం చేయాలి, ఇంతవరకే. దానికి లైసెన్స్‌తో సంబంధం లేదు. తుపాకీ కొనకముందే ఇది చేయండి. అద్దెకి రెండు మూడు రకాలు కాల్చి చూసి, చేతికి నప్పింది కొనుక్కోండి. జేబులో పడుతుందని బుల్లి తుపాకీ కొన్నవాళ్ళు చాలామంది తర్వాత చింతిస్తారు, చిన్నదయ్యేకొద్దీ చేతిలో ఎక్కువ తంతుంది. ఒంటరిగా వెళ్తే మొదటిసారి వచ్చినవాళ్ళకి అద్దెకివ్వని రేంజ్‌లు ఉన్నాయి, ఆత్మహత్యల భయంతో పెట్టుకున్న నియమం అది. తోడు తీసుకెళ్ళండి.

రేంజ్ పరీక్ష

50 తూటాలు. 3 గజాల దూరం నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. ఊళ్ళో ప్లాటు కొనేటప్పుడు చెప్పుకునే గజమే, మూడడుగులు. బి-27 అనే మనిషి ఆకారం కాగితం మీద కాల్చాలి. మొత్తం 250 మార్కులకి 175 వస్తే పాస్. 3 గజాల దగ్గర కొన్ని రౌండ్లలో ఒక్కో తూటాకి 2 సెకన్లే ఇస్తారు. వినడానికి భయంగా ఉంటుంది కానీ ఆ దూరంలో కాగితం మన డైనింగ్ టేబుల్ అవతలి కుర్చీ అంత దగ్గర.

గమనించారా, హోల్‌స్టర్ (నడుముకి పెట్టుకునే తుపాకీ ఒర) నుంచి తుపాకీ తీయడం ఈ పరీక్షలో లేనే లేదు. రోజూ నడుముకి పెట్టుకునేవాళ్ళకి అతి ప్రమాదకరమైన క్షణం అదే, తీసేటప్పుడూ తిరిగి పెట్టేటప్పుడూ. చొక్కా అంచు ట్రిగ్గర్‌లో చిక్కుకుంటే చాలు. లైసెన్స్ చేతికొచ్చాక రోజూ వెంట పెట్టుకుందామనుకుంటే, హోల్‌స్టర్ క్లాసు ఇంకోటి చేయాల్సిందే. ఏ దారిలో వచ్చినా సరే.

మెడ మూసి ఉండే టీషర్టు వేసుకోండి. పేలిన తూటా గొట్టం ఎగిరి కాలరులో పడితే అట్లకాడ అంటుకున్నట్టు చురుక్కుమంటుంది, అప్పుడు ఎగిరి గంతేస్తే చేతిలో ఉన్నది ఎటు తిరుగుతుందో తెలీదు. నాకు రెండో మ్యాగజైన్‌లోనే పడింది. పళ్ళు బిగించి తుపాకీ కింద పెట్టాకే చొక్కా దులుపుకున్నాను. కాల్చడం అయ్యాక చల్లటి నీళ్ళతో, సబ్బుతో చేతులు కడుక్కుని గానీ పిల్లల్ని ముట్టుకోకండి, తూటాల్లో సీసం ఉంటుంది.

అప్లికేషన్ డీపీఎస్ వెబ్‌సైట్‌లో. కాగితాలన్నీ చేరాక ఇవ్వడమో తిరస్కరించడమో 60 రోజుల్లో తేల్చాలని చట్టం. కార్డు వచ్చాక పోలీసు ఆపి గుర్తింపు అడిగితే, తుపాకీ వెంట ఉన్నప్పుడు డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఇదీ చూపించాలి. చేతులు స్టీరింగ్ మీద ఉంచి, ముందు నోటితో చెప్పి, తర్వాత తీయండి. ఇంట్లో 17 ఏళ్ళలోపు పిల్లలకి తూటాలున్న తుపాకీ అందేలా వదిలేస్తే అది మీ మీద కేసు. సేఫ్ కొనే ఖర్చు క్లాసు బడ్జెట్‌లోనే రాసుకోండి.

ఇంకొక్కటి. రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున కుట్టు సందులో ఒక్క తూటా ఉండిపోయినా శంషాబాద్‌లో ఎక్స్‌రేలో కనిపిస్తుంది, అక్కడ ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. టెక్సాస్ లైసెన్స్ చూపిస్తే అక్కడ ఎవరూ పట్టించుకోరు. నా రేంజ్ బ్యాగు హ్యాండిల్‌కి మా ఆవిడ ఎర్ర రిబ్బన్ కట్టి గరాజ్‌లో మేకుకి తగిలించింది. అది ఇంట్లోకి రాకూడదని రూలు.